గోపురం గడియారాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

గడియార స్తంభాల గురించి, వాటి లోపలి యంత్రాల గురించి వచ్చిన ప్రశ్నల్లో ఒకే తరహావి కలిపేశాం. చేతిపనితో తయారైన యంత్రాలకే పరిమితమయ్యాం. క్వార్ట్జ్ మోటార్లతో తిరిగే కొత్త గడియారాల జోలికి పోలేదు.

ప్రశ్న: మొదట్లో గోపురం గడియారాలకు ముళ్లే ఉండేవి కావని చదివాను. ముల్లు లేకపోతే అది గడియారం ఎలా అవుతుంది?

జవాబు: గంట కొడితే చాలు, అది గడియారమే. పొలంలో ఉన్నవాడికి గోపురం ముఖం కనిపించదు, గంట మాత్రం వినిపిస్తుంది. ఇంగ్లండులోని సాల్స్‌బరీ కెథీడ్రల్‌లో ఉన్న ఇనుప గడియారం 1386 నాటిదని చెబుతారు. దానికి డయల్ లేదు, ముల్లు లేదు. రెండు డ్రమ్ములు, వాటి తాళ్లకు వేలాడే రెండు రాతి గుండ్లు ఉంటాయి. ఒకటి యంత్రాన్ని నడుపుతుంది, రెండోది గంట కొడుతుంది. అంతకు యాభై ఏళ్ల ముందే, 1336లో, మిలాన్‌లోని సాన్ గొట్టార్దో చర్చి గోపురం మీద 24 గంటలూ లెక్కపెట్టి కొట్టే గడియారం పెట్టారు. ఆ కాలం దాకా జనం పగటిని 12 భాగాలుగా, రాత్రిని 12 భాగాలుగా పంచుకునేవారు కాబట్టి వేసవిలో పగటి గంట పొడుగు, చలికాలంలో పొట్టి. ఏడాది పొడవునా ఒకే నిడివి ఉండే గంట మామూలు జనానికి అలవాటైంది ఈ గోపురాల వల్లే.

డయల్ వచ్చాక కూడా చాలాకాలం ఒక్క గంటల ముల్లే ఉండేది. కారణం సాదాసీదాది. అప్పటి యంత్రం రోజుకు పావుగంట ముందుకో వెనక్కో పోయేది. అలాంటిదానికి నిమిషాల ముల్లు పెడితే అబద్ధాన్ని ఇంకాస్త వివరంగా చెప్పినట్టే.

ఆ యంత్రంలో లోలకం లేదు. ఫోలియట్ అనే అడ్డకమ్మీ ఉండేది. నిలువు ఇరుసు మీద ఈ కమ్మీ అటూ ఇటూ ఊగుతుంటే, ఇరుసుకున్న రెండు చిన్న రేకులు కిరీటం ఆకారంలోని చక్రం పళ్లను ఒక్కొక్కటిగా ఆపి వదిలేవి. కిరీట చక్రానికి పళ్లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. ఒక రేకు పన్నును పట్టుకున్నప్పుడు ఎదుటి రేకు రెండు పళ్ల మధ్య సందులో ఉండాలి కదా! కమ్మీ రెండు కొసలా గాట్లు, వాటిలో చిన్న తూకపు గుండ్లు ఉంటాయి. గడియారం ముందుకు పోతుంటే గుండ్లను బయటి గాట్లలోకి జరిపేవారు, వెనకబడితే లోపలికి. ఫోలియట్‌కు తనదంటూ ఒక సహజమైన ఊపు లేదు. ఎంత బలంతో నెడితే అంత వేగంగా ఊగుతుంది. నూనె చిక్కబడినా, తాడు తడిసినా, గుండు బరువు మారినా కాలం మారిపోయేది.

సాల్స్‌బరీ యంత్రానికి కూడా తర్వాతి రోజుల్లో లోలకం తగిలించారు. 1956లో బాగుచేసినప్పుడు మళ్లీ ఫోలియట్ అమర్చారు. వెల్స్ కెథీడ్రల్‌లోని 1390 ప్రాంతపు గడియారానిది ఇంకో దారి. పాత డయల్ అక్కడే ఉంది, పాత యంత్రం మాత్రం 1884 నుంచి లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: లేత్ యంత్రాలు లేని రోజుల్లో అంత పెద్ద పళ్లచక్రాలు ఎలా చేశారు?

జవాబు: కొలిమి, సమ్మెట, రంపం, ఆకురాయి, విభాగిని. ఇవే పనిముట్లు. పని కమ్మరిదే.

దుక్క ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి వలయంగా వంచి, రెండు కొసలనూ తెల్లగా కాగేదాకా కాల్చి సమ్మెటతో కొట్టి అతికేవారు. నాలుగు ఆకులు వేసి రివెట్లతో బిగిస్తే చక్రం. దాని మీద పళ్లకు గుర్తులు పెట్టడమే అసలు విద్య. వృత్తం వ్యాసార్థాన్నే విభాగినితో చుట్టూ నడిపిస్తే ఆరు సమభాగాలు వస్తాయి. వాటిని సగం చేస్తే 12, మళ్లీ సగం చేస్తే 24, ఆపైన 48. అందుకే 48, 96 లాంటి సంఖ్యలు సులువు. కిరీట చక్రానికి కావలసిన బేసి సంఖ్య దగ్గర విభాగినిని వెంట్రుకవాసి తెరుస్తూ మూస్తూ, చివరి అడుగు సరిగ్గా మొదటి చుక్క మీద పడేదాకా తిరగాల్సిందే. తర్వాత ఒక్కో సందునూ రంపంతో కోసి ఆకురాయితో రుద్దడం. ఒక పన్ను అరమిల్లీమీటరు లావైతే ఆ చక్రం తిరిగిన ప్రతి చుట్టులోనూ అదే చోట యంత్రం బిగుసుకుంటుంది. పాత చక్రాల్లో ఒకటి రెండు పళ్లు మిగతావాటికంటే ఎక్కువగా రుద్దినట్టు కనిపిస్తే, అది ఆగిపోయే చోటు వెతికి సరిచేసిన గుర్తే అయి ఉంటుంది.

చట్రానికి మరలు ఉండేవి కావు. నిలువు స్తంభాల కొసలను అడ్డపట్టీల చిల్లుల్లో దూర్చి, ఇనుప మేకు లాంటి చీలను అడ్డంగా దిగ్గొట్టేవారు. చూడ్డానికి పంజరంలా ఉండే ఈ చట్రంలో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. లోపలి ఒక్క చక్రాన్ని తీయాలన్నా చాలాచోట్ల సగం పంజరం విప్పాలి. 19వ శతాబ్దంలో పోత ఇనుప బల్లలాంటి చట్రం వచ్చాక ఈ బాధ తీరింది. దాని మీద ఒక్కో ఇరుసుకూ విడిగా బేరింగు దిమ్మ ఉంటుంది. బోల్టులు విప్పి కావలసిన ఇరుసును మాత్రమే పైకి ఎత్తొచ్చు. జనం బిగ్ బెన్ అని పిలిచే లండన్ వెస్ట్‌మినిస్టర్ గడియారం ఈ తరహాదే. చట్రం పొడవు 4.7 మీటర్లు, యంత్రం బరువు 5 టన్నులు.

ప్రశ్న: గోడ గడియారాన్నే పదిరెట్లు పెద్దది చేస్తే గోపురం గడియారం అయిపోదా? ఇందులో ప్రత్యేకమైన ఇంజనీరింగ్ ఏముంది?

జవాబు: అవదు. ఇంటి గడియారం ముల్లు అద్దం వెనక ఉంటుంది, దాన్ని కదిలించేవాళ్లు లేరు. గోపురం ముల్లు ఎండకు, వానకు, గాలికి బయటే ఉంటుంది. వెస్ట్‌మినిస్టర్ నిమిషాల ముల్లు 4.2 మీటర్లు. తూకపు గుండుతో కలిపి దాదాపు 100 కిలోలు. మొదట పోత ఇనుముతో చేస్తే బరువు ఎక్కువై పనికిరాలేదు. తర్వాత రాగి రేకుతో లోపల బోలుగా చేశారు. అయినా 1949లో గోరింకల జాతి పిట్టల గుంపు ఆ ముల్లు మీద వాలితే గడియారం నాలుగున్నర నిమిషాలు వెనకబడింది. 1962 డిసెంబరు 31 రాత్రి మంచు పేరుకుపోయి కొత్త సంవత్సరం గంట దాదాపు పది నిమిషాలు ఆలస్యంగా కొట్టింది.

ఇక్కడ చిక్కు చూడండి. తుపానులో కూడా ముళ్లు తిరగాలంటే గుండు బరువుగా ఉండాలి. గాలి లేని రోజున ఆ బలమంతా ఎటు పోతుంది? పళ్లచక్రాల గుండా లోలకం మీదికే వచ్చి దాన్ని ఎక్కువగా ఊపుతుంది. లోలకం వెడల్పుగా ఊగితే ఒక్కో ఊపుకు పట్టే సమయం కొద్దిగా పెరుగుతుంది. మధ్య నుంచి ఒక్కో పక్కకు 2 డిగ్రీలు ఊగే లోలకం 3 డిగ్రీలు ఊగడం మొదలుపెడితే ఆ ఒక్క కారణంతోనే రోజుకు 8 సెకన్లు వెనకబడుతుంది. అంటే మోతబరువుకు తగ్గట్టు బలం పెడితే కొలత చెడుతుంది, కొలత కోసం బలం తగ్గిస్తే గాలికి ఆగిపోతుంది. మా దృష్టిలో గోపురం గడియారాల చరిత్రంతా ఈ రెండు పనులనూ విడదీయడానికి పడిన పాట్ల చరిత్రే.

1656లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ గడియారానికి లోలకం అమర్చాడు. రెండేళ్లు తిరక్కుండానే నెదర్లాండ్స్‌లో షెవెనింగెన్, యూట్రెక్ట్ గోపురాల గడియారాలకు లోలకాలు వచ్చాయి. రోజుకు పావుగంట ఉన్న తేడా సెకన్లలోకి దిగింది. తర్వాత లంగరు ఆకారపు ఎస్కేప్‌మెంట్ (చక్రం పళ్లను ఒక్కొక్కటిగా ఆపి వదిలే ఏర్పాటు) వచ్చింది. లోలకం తక్కువ వంపులో, నెమ్మదిగా ఊగడానికి అది వీలిచ్చింది. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ కోసం 1671లో విలియం క్లెమెంట్ చేసిన గోపురం గడియారంలో ఇది ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఆమాన్, లెపోట్ చక్రానికి పళ్ల బదులు మేకులు దిగ్గొట్టిన ఎస్కేప్‌మెంట్ తయారుచేశారు. ఒక మేకు విరిగితే తీసి ఇంకోటి కొట్టొచ్చు కాబట్టి గోపురాలకు బాగా నప్పింది.

అసలు తాళం తెరిచింది మాత్రం వెస్ట్‌మినిస్టర్ గడియారమే. గంట మొదటి దెబ్బ ఒక్క సెకను తేడాలో పడాలని 1846లో ఖగోళ శాస్త్రవేత్త జార్జి ఎయిరీ షరతు పెట్టాడు. అప్పటి గడియారాల పనివాళ్లు అది కుదరదన్నారు. వృత్తికి న్యాయవాది అయిన ఎడ్మండ్ బెకెట్ డెనిసన్ గీసిన నమూనాతో డెంట్ కార్ఖానా 1854 నాటికి యంత్రం పూర్తిచేసింది. 1859లో గోపురంలో నడక మొదలైంది. అందులో డెనిసన్ పెట్టింది గ్రావిటీ ఎస్కేప్‌మెంట్. పళ్లచక్రాలు లోలకాన్ని నేరుగా ముట్టుకోవు. ఒక చిన్న చేతిని ప్రతిసారీ ఒకే ఎత్తుకు లేపి వదిలేస్తాయంతే. ఆ చెయ్యి తన సొంత బరువుతో కిందికి దిగుతూ లోలకాన్ని తోస్తుంది. బయట తుపాను ఉన్నా, గాలి స్తంభించినా ఆ చేతి బరువు మారదు, తోపు మారదు. చేతిని లేపడానికి ఎంత బలం వాడారన్నది లోలకానికి తెలియదు. ఆ తర్వాత నాణ్యమైన గోపురం గడియారాలు చాలావాటిలో ఇదే వాడారు.

ప్రశ్న: లోలకం మీద నాణెం పెట్టి టైము సరిచేస్తారట. నిజమేనా? బరువు పెరిగితే నెమ్మదించాలి కదా?

జవాబు: నిజమే. నెమ్మదించదు, వేగం పెరుగుతుంది. ఊపు కాలాన్ని నిర్ణయించేది బరువు కాదు, వేలాడదీసిన చోటు నుంచి బరువు కేంద్రం దాకా ఉన్న పొడవు. కింది గుండుకు పైన, కడ్డీ నడుమ ఉన్న చిన్న పళ్లెంలో నాణెం పెడితే కేంద్రం వెంట్రుకవాసి పైకి జరుగుతుంది. లోలకం ఆ మేరకు పొట్టిదైనట్టే. వెస్ట్‌మినిస్టర్ లోలకం 310 కిలోలు. ఒక పాత పెన్నీ పెడితే రోజుకు 0.4 సెకను ముందుకు పోతుంది, తీసేస్తే అంతే వెనక్కు.

మీ లెక్కకు పనికొచ్చే కొలత ఒకటి చెబుతాం. లోలకం గుండు 100 కిలోలుంటే, కడ్డీ సరిగ్గా సగంలో 10 గ్రాములు పెడితే రోజుకు దాదాపు 1 సెకను తేడా వస్తుంది. దీని సుఖం ఏమిటంటే లోలకాన్ని ఆపక్కర్లేదు.

పెద్ద తేడాలకు గుండు కింద ఉన్న మరనే తిప్పాలి. సెకనుకో ఊపు ఊగే లోలకం పొడవు దాదాపు 99.4 సెంటీమీటర్లు. దాన్ని 1 మిల్లీమీటరు పైకెత్తితే రోజుకు 43 సెకన్లు ముందుకు. రెండు సెకన్లకో ఊపు ఊగే పెద్ద లోలకం పొడవు దాదాపు 4 మీటర్లు. అక్కడ అదే 1 మిల్లీమీటరుకు 11 సెకన్లే. మర తిప్పేటప్పుడు కడ్డీని రెండో చేత్తో గట్టిగా పట్టుకోండి. కడ్డీ మెలితిరిగితే పైన వేలాడదీసిన పలుచని ఉక్కు రేకు నలుగుతుంది. నలిగిన రేకు కొన్నాళ్లకు తెగుతుంది, గుండు కిందపడుతుంది.

వేడి సంగతి కూడా అడిగారు. ఉక్కు కడ్డీ అయితే 10 డిగ్రీల వేడి పెరిగినప్పుడు రోజుకు 5 సెకన్లు వెనకబడుతుంది. లోలకం పొడవు ఎంతైనా ఈ లెక్క మారదు. బాగా ఎండిన, నార తిన్నగా ఉన్న చెక్క కడ్డీకి వార్నిష్ వేసి వాడితే ఇందులో సగం కూడా ఉండదు. చౌక పద్ధతుల్లో ఇంతకు మించినది లేదు. వెస్ట్‌మినిస్టర్‌లో ఉక్కు గొట్టం, జింకు గొట్టం ఒకదాంట్లో ఒకటి పెట్టారు. ఒకటి కిందికి పెరిగితే ఇంకోటి పైకి పెరిగి సరిపెడుతుంది. స్విస్ శాస్త్రవేత్త గియోమ్ 1896లో కనిపెట్టిన, వేడికి దాదాపు సాగని ఇన్వార్ మిశ్రలోహం వచ్చాక ఈ తంటాలు చాలావరకు తగ్గాయి.

ప్రశ్న: మా గడియారం ముళ్లు నాలుగు చూపిస్తాయి, గంట మాత్రం ఏడు కొడుతుంది. తర్వాతి గంటకు ఎనిమిది. ముళ్లు సరిగ్గానే నడుస్తున్నాయి. ఏం చెడిపోయినట్టు?

జవాబు: ఏమీ చెడిపోలేదు. మీది లెక్కచక్రం ఉన్న యంత్రం. ఆ చక్రం అంచున గాట్లుంటాయి. గాటుకూ గాటుకూ మధ్య దూరం 1, 2, 3 అలా 12 దాకా పెరుగుతూ పోతుంది. మీట గాట్లో పడితే గంట ఆగుతుంది. ఒక చుట్టుకు 78 దెబ్బలు, రోజుకు 156. ఈ చక్రానికి ముళ్లు ఎక్కడున్నాయో తెలియదు, ఇందాక ఎన్ని కొట్టానన్నదే దానికి తెలుసు. గంట గుండుకు కీ ఇవ్వడం మరిచి అది నేల తాకిందనుకోండి, ముళ్లు తిరుగుతూనే ఉంటాయి, గంట కొట్టదు. మళ్లీ కీ ఇచ్చాక ఆగిన చోటి నుంచే లెక్క మొదలవుతుంది. ముళ్లను గబగబా ముందుకు తిప్పి, ప్రతి గంట దగ్గరా కొట్టడం పూర్తయ్యేదాకా ఆగకపోయినా ఇదే జరుగుతుంది.

సరిచేయడానికి చాలామంది మీట పైకెత్తి వరసగా కొట్టిస్తారు. మీ విషయంలో ఎనిమిది నుంచి పన్నెండు దాకా, మళ్లీ ఒకటి నుంచి నాలుగు దాకా కొట్టించాలి. మొత్తం 60 దెబ్బలు. చుట్టుపక్కలవాళ్లు ఊరుకోరు. ఇక్కడ లెక్క మూడు గంటలు ముందుంది కాబట్టి, గంట విడుదల మీటను మూడు గంటల పాటు కట్టేయండి. అయిదు, ఆరు, ఏడు కొట్టకుండా పోతాయి. ఎనిమిదికి వదిలితే ఎనిమిదే కొడుతుంది.

ఇటలీలో పూర్వం 24 దాకా కొట్టే గడియారాలకు రోజుకు 300 దెబ్బలయ్యేవి. లెక్కపెట్టేవాడికీ విసుగు, కీ ఇచ్చేవాడికీ చాకిరీ. కొన్నిచోట్ల ఆరుతో ఆపి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. అప్పుడు రోజుకు 84 దెబ్బలే. ఆరు గంటల డయళ్లు అలా పుట్టినవే.

ప్రశ్న: ఒకే డయల్ మీద రెండు నిమిషాల ముళ్లున్న గడియారం ఫోటో చూశాను. బొమ్మ కోసం పెట్టిందా?

జవాబు: బొమ్మ కాదు. అది బ్రిస్టల్ నగరంలోని కార్న్ ఎక్స్చేంజ్ భవనం గడియారం అయి ఉంటుంది. ఒక ముల్లు లండన్ సమయం, ఇంకోటి బ్రిస్టల్ సమయం. ఆ ఊరు పడమరగా ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు పది నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన స్టేషన్లన్నిటా లండన్ సమయమే పాటించింది. ఊరి గడియారం చూసుకుని వెళ్లినవాళ్లకు రైలు తప్పిపోయేది. బ్రిస్టల్ 1852లో లండన్ సమయానికి మారింది. బ్రిటన్ మొత్తానికి ఒకే సమయం అని చట్టం వచ్చింది 1880లోనే.

ప్రశ్న: నాలుగు వైపులా నాలుగు డయళ్లు, నాలుగూ నాలుగు టైములు. లోపల నాలుగు యంత్రాలున్నాయా?

జవాబు: యంత్రం ఒకటే. దాన్నుంచి నిలువు కడ్డీ పైకి వెళ్లి నడుమ ఉన్న బెవెల్ గేర్ల (నిలువు తిరుగుడును అడ్డానికి మళ్లించే పళ్లచక్రాల) పెట్టెను తిప్పుతుంది. అక్కడి నుంచి నాలుగు అడ్డకడ్డీలు నాలుగు డయళ్ల వెనక్కి పోతాయి. ప్రతి డయల్ వెనకా 12కు 1 తగ్గించే చిన్న గేర్ల జత ఉంటుంది, గంటల ముల్లు కోసం.

ఇంత దూరంలో ప్రతి కీలు దగ్గరా కాస్త వదులు ఉంటుంది. అదే మీకు తేడాగా కనిపించేది. ఒక పరీక్ష చేయండి. పన్నెండు నుంచి ఆరు వైపు దిగేటప్పుడు ముల్లు ముందుకు, ఆరు నుంచి పన్నెండుకు ఎక్కేటప్పుడు వెనక్కు ఉంటే, ముల్లు తూకం తప్పిందన్నమాట. బరువు వైపుకు వాలి, దిగేటప్పుడు వదులంతా తీసుకుని ముందుకు పోతోంది. కడ్డీ విప్పి ముల్లును చేత్తో తిప్పి చూడండి. ఏ స్థానంలో వదిలినా అక్కడే నిలబడాలి. నిలబడకపోతే లోపలివైపు తూకపు గుండును జరపాలి. గంట పొడవునా ఒకే తేడా ఉంటే అది తూకం కాదు, కలిపే చోట బిగింపు జారింది. ఆ కడ్డీ మీద ఉన్న క్లచ్చును వదులు చేసి, ముల్లు సరిపెట్టి మళ్లీ బిగించండి.

ప్రశ్న: డయల్ ఎంత పెద్దదిగా ఉండాలి?

జవాబు: నేల నుంచి ఉన్న ఎత్తులో పదో వంతు అని పాత లెక్క. 20 మీటర్ల ఎత్తుకు 2 మీటర్ల డయల్. ముదురు రంగు నేల మీద బంగారు రేకు అద్దిన ముళ్లు, అంకెలు పెడితే దూరానికి కనిపిస్తాయి. బంగారు రంగు పెయింటు నల్లబడుతుంది, బంగారు రేకు నల్లబడదు.

ప్రశ్న: గుండ్లు ఎంత దూరం దిగుతాయి? కీ ఇచ్చేటప్పుడు గడియారం ఆగిపోదా?

జవాబు: లెక్క చూడండి. డ్రమ్ము వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత దాదాపు 63 సెంటీమీటర్లు. మూడు గంటలకు ఒక చుట్టు తిరిగితే రోజుకు 5 మీటర్ల తాడు, 8 రోజులకు 40 మీటర్లు. అంత లోతు గోపురంలో దొరకదు కాబట్టి గుండుకు ఒక కప్పీ పెట్టి తాడును రెండు వరసలు చేస్తారు. 20 మీటర్లు చాలు, కానీ గుండు బరువు రెట్టింపు చేయాలి. గుండు దిగే దారి అడుగున ఇసుక పెట్టె తప్పనిసరి. తాడు తెగితే వందల కిలోల బరువు అంతస్తులు చీల్చుకుని పోతుంది.

కీ ఇస్తున్నంతసేపూ గుండు లాగుడు చక్రాల మీద ఉండదు. అందుకే సాయబలం అనే ఏర్పాటు పెట్టారు. మంచి యంత్రాల్లో కీ పెట్టే చోటును ఒక రేకు మూసి ఉంచుతుంది. మీట పైకెత్తితేనే రేకు తొలగుతుంది. ఆ మీటే తన బరువుతో ఒక చక్రం పన్నును నెడుతూ, మీరు కీ ఇచ్చే కొద్ది నిమిషాలూ గడియారాన్ని నడుపుతుంది. మరిచిపోవడానికి వీల్లేకుండా చేశారు.

ప్రశ్న: మా పాత భవనం మీద గడియారం ఏళ్ల తరబడి ఆగిపోయి ఉంది. బాగుచేయించాలని కమిటీ వేశాం. యంత్రం తీసేసి మోటారు పెడితే ఖర్చు తక్కువని ఒకరు చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: తీయకండి. గోపురం యంత్రం నిజంగా అరిగి పనికిరాకుండా పోవడం అరుదు. మురికి, తప్పు నూనె, కీ ఇచ్చే మనిషి లేకపోవడం, ఎక్కువగా ఈ మూడింటికే ఆగుతాయి.

మొదట గుండ్లను పూర్తిగా కిందికి దింపి ఇసుక మీద కూర్చోబెట్టండి. ఆ పని అయ్యేదాకా ఎవరూ ఏ బోల్టూ ముట్టుకోకూడదు. ఉక్కు తాడును చేత్తో తడమకండి, గుడ్డ చుట్టి లాగి చూడండి. తెగిన పోగులు గుడ్డకు పట్టుకుంటాయి. తెగిన పోగులు కనిపించినా, తుప్పు లోపలిదాకా పోయినా మార్చేయండి. కొత్త తాడు పాతదాని లావే ఉండాలి. బలం కోసమని లావుది వేస్తే డ్రమ్ము మీద వరసలు ఎక్కి ఇరుక్కుంటుంది.

పావురాల రెట్టను పొడిగా ఊడ్చకండి. దాని దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. నీళ్లు చిలకరించి, మాస్కు, చేతి తొడుగులు పెట్టుకుని తీయాలి.

విప్పే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఇరుసుల మీద, దిమ్మల మీద పాత పనివాళ్లు కొట్టిన చుక్కలుంటాయి. ఒక చుక్క ఒక చుక్కకు, రెండు రెండుకు. వాటిని సాన పెట్టి చెరిపేస్తే మళ్లీ కూర్చడం నరకం. ఇరుసు మొన తిరిగే రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే అక్కడ కొత్త బుష్ (లోహపు తొడుగు) వేయించాలి. ప్యాలెట్ల (ఎస్కేప్‌మెంట్‌లో పళ్లను ఆపి వదిలే రేకుల) మీద చక్రం పళ్లు కోసిన గాట్లు కనిపిస్తే వెంటనే కొత్తవి చేయించనక్కర్లేదు. ప్యాలెట్ వెడల్పు మిగిలి ఉంటే దాన్ని ఇరుసు మీద కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిపితే పళ్లు కొత్త చోట పడతాయి.

నూనె గురించి గట్టిగా చెప్పాలి. ఇరుసు మొనలకు, ప్యాలెట్లకు చుక్క చుక్క చాలు. చక్రాల పళ్లకు వేయకండి. నూనెకు దుమ్ము అంటుకుని రాపిడి ముద్దలా తయారవుతుంది. ఆ ఇసుక రేణువులు మెత్తని ఇత్తడి పళ్లలో దిగబడి, వాటితో కలిసి తిరిగే చిన్న పళ్లచక్రాన్ని, అంటే గట్టి ఉక్కు పినియన్‌నే కోసేస్తాయి. ఉక్కు అరిగి ఇత్తడి బాగుండటం చూసి జనం ఆశ్చర్యపోతారు, కారణం ఇదే. తుప్పు వదిలించే స్ప్రేలు ఇక్కడ నూనె పని చేయవు. కొన్నాళ్లకు ఆరిపోయి జిగురు మిగులుస్తాయి.

కూర్చాక ముళ్ల కడ్డీలు కలపకుండా వారం రోజులు ఒట్టి యంత్రాన్ని నడపండి. టిక్కుకూ టాక్కుకూ మధ్య విరామం సమానంగా వినిపించాలి. కుంటినడక వినిపిస్తే లోలకాన్ని నెట్టే చేతిని కొద్దిగా పక్కకు సర్దండి. వారం ఆగకుండా నడిస్తే ఒక డయల్ కలపండి, రెండు రోజులు చూసి ఇంకోటి. నాలుగూ ఒకేసారి కలిపితే ఆగినప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు.

మోటారు పెట్టాలనుకుంటే కీ ఇచ్చే పనికి మాత్రం పెట్టుకోండి. వెస్ట్‌మినిస్టర్‌లో గంట కొట్టే గుండ్లకు 1913 నుంచి మోటారే కీ ఇస్తోంది. లోలకానికి సంబంధించిన గుండుకు మాత్రం వారానికి మూడుసార్లు మనుషులే ఇస్తారు. మోటారు బిగించేవాళ్లతో ఒక షరతు రాయించుకోండి. పాత చట్రంలో కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయకూడదు, రేపు విప్పేస్తే యంత్రం మొదట ఉన్నట్టే ఉండాలి.

ప్రశ్న: గంట కొట్టే భాగం దగ్గర పిల్లల్ని నిలబడనివ్వొచ్చా?

జవాబు: వద్దు. అక్కడ గిర్రున తిరిగే రెండు రేకుల గాలి రెక్క ఉంటుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒకే విరామం ఉండేలా గాలిని తోస్తూ వేగాన్ని ఆపేది అదే. అది ఊడితే గుండుకు అడ్డే లేదు. 1976 ఆగస్టు 5 తెల్లవారుజామున వెస్ట్‌మినిస్టర్‌లో ఆ రెక్క ఇరుసు లోహపు అలసట వల్ల విరిగింది. టన్నుకు పైబడిన గుండు ఒక్కసారిగా దిగి చక్రాలను ముక్కలు చేసింది, ఇనుప ముక్కలు గదంతా ఎగిరిపడ్డాయి. ఆ సమయంలో గదిలో ఎవరూ లేరు. గడియారం మళ్లీ పూర్తిగా పనిచేసింది 1977 మే 9న. ఏడాదికోసారి ఆ ఇరుసును విప్పి, తుడిచి, భూతద్దంతో పగుళ్లు చూడటం మరవకండి. భుజం దగ్గర, రంధ్రాల అంచుల దగ్గర ముందుగా చూడండి.

ప్రశ్న: గడియారం అయిదు నిమిషాలు ముందుకు పోయింది. ముల్లు వెనక్కి తిప్పొచ్చా?

జవాబు: తిప్పకండి. గంట విడుదల మీట ఒక వైపు నుంచి ఎక్కడానికే చేసింది, వెనక్కి తిప్పితే వంగుతుంది లేదా విరుగుతుంది. లోలకాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా ఆపండి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ ఊపి వదలండి.